అవ్వ మాట ఎక్కడ చిరిగింది

పోయిన నెల నిజామాబాద్‌లో చెవుల డాక్టరు నా రెండు చెవులకూ చెరో మిషన్ పెట్టాడు. ఒక్కొక్కటి చిక్కుడు గింజంత ఉంది. పెట్టి, "ఇప్పుడు సారును మాట్లాడమనండి మేడమ్" అన్నాడు. నాకు వినికిడి తగ్గిన దగ్గర్నుంచి మా ఆయన గొంతు పెంచుకుంటూ వచ్చాడు పాపం. ఆ అలవాటు కొద్దీ కుర్చీలోంచి సగం లేచి, "సరోజా! ఇనవడ్తున్నదా?" అని అరిచాడు. బయట వరసలో కూర్చున్న వాళ్లు తలుపు సందులోంచి తొంగిచూశారు. నాకు మాత్రం ఆ అరుపు మామూలు మాటలాగే వినబడింది. డాక్టరు తానే కనిపెట్టినంత సంబరపడ్డాడు. గట్టి శబ్దం వస్తే మిషనే తగ్గించుకుంటుందట, మెల్లటి శబ్దం వస్తే అదే పెంచుకుంటుందట. ఎవరెంత అరిచినా నా చెవికి తగినట్టే అందిస్తుందట. ఉద్యోగమంతా టెలిఫోన్ తీగల మధ్య గడిపినదాన్ని, ఆ పనితనం విలువ నాకు తెలుసు. అయినా ఆటోలో ఇంటికి వస్తుంటే సంతోషం రాలేదు, మా అవ్వ గుర్తుకొచ్చింది. నేను నా చేతులతో మొదట తయారుచేసిన హెడ్‌ఫోన్ యాంప్లిఫయర్‌కు ఈ తెలివి ఉండి ఉంటే మా ఇంట్లో జరిగిన ఒక మంచి పని జరిగేది కాదు అనిపించింది.

అవ్వ అంటే మా బాపు వాళ్లమ్మ. ఆయన అవ్వా అని పిలిస్తే మేమూ అవ్వా అనే పిలిచాం. బాపు బోధన్ అవతల ఒక చిన్న చక్కెర మిల్లులో, చెరుకు నలిపే రోలర్ల దగ్గర పనిచేసేవాడు. క్రషింగ్ మొదలైందంటే ఆ ఇనుము మోత ఆగేది కాదు. అక్కడ నిలబడేవాళ్లు నోటితో కాకుండా చేతులతో మాట్లాడుకునేవాళ్లు. డ్యూటీ దిగి వచ్చేసరికి ఆయన బట్టల నిండా చెరుకు పిప్పి, తియ్యగా పులిసిన మడ్డి వాసన. అమ్మ వేడినీళ్లు తోడేది. స్నానం చేసి అరుగు మీద కూర్చుని, చాయ్ సాసర్లో పోసుకుని ఊదుకుంటూ తాగేవాడు. సీజన్ మీద సీజన్ గడిచేకొద్దీ ఆయనకు లోకం దూరం జరుగుతూ వచ్చింది. ముందు పిట్టల చప్పుడు పోయింది, తర్వాత వాన చప్పుడు, ఆఖరికి మా మాటలు. చెవి మిషన్ పెట్టుకోమంటే వినేవాడు కాదు. చెవిటివాడని తెలిస్తే రోలర్ల దగ్గర నిలబడనివ్వరని ఆయన భయం. ఆ పని అంటే ఆయనకు ప్రాణం.

అందుకని మా ఇంట్లో అందరం అరిచేవాళ్లం. ఉప్పు అందుకోమన్నా గల్లీ అంతా తెలిసేది. గోడలకు చెవులుంటాయంటారు కదా, మా ఇంట్లో గోడలకే ఉండేవి. మా పక్కిల్లు కాలువ కింద వరి, చెరుకు పండించే ఆంధ్ర రైతులది. ఆ ఇంటి రాఘవమ్మగారు మంచి మనిషి, కానీ మా సంసారం మొత్తం ఆవిడ చెవిలోనే నడిచేది. పొద్దున్నే పిట్టగోడ మీంచి, "ఏమ్మా సరోజా, రాత్రి మీ నాన్నగారికి వంకాయ కూర కారం ఎక్కువైందంటగా? కాస్త మజ్జిగ ఇవ్వకపోయారా?" అని అడిగేది. మాకు కోపం కూడా వచ్చేది కాదు, వినబడినదానికి ఆవిడేం చేస్తుంది! కొత్తగా మా గల్లీకి వచ్చినవాళ్లు మాత్రం మేం తెల్లారి లేస్తే కొట్లాడుకుంటామనుకునేవాళ్లు. 'చెవిటివాని ముందు శంఖం ఊదినట్టు' అన్న సామెత ఊళ్లో అందరి నోటా వినబడేది, మా ఇంట్లో ఒక్కరూ అనేవాళ్లు కాదు.

బాపుకు ఒక విద్య అబ్బింది. ఎదుటివాళ్ల పెదవులు చూసి మాట పట్టేవాడు. నాదీ అమ్మదీ సగం అరుపుతో, సగం పెదవులతో గడిచిపోయేది. చిక్కంతా అవ్వతోనే. అవ్వకు ఒక్క పన్ను లేదు. ఆమె పెదవులు లోపలికి ముడుచుకుపోయి, ఏ మాట అన్నా ఒకేలా కదిలేవి. ఊరందరి పెదవులూ చదివే మనిషి సొంత తల్లి పెదవులు చదవలేకపోయాడు. మోర్తాడ్ దిక్కు పసుపు చేన్లలో బతికిన మనిషి అవ్వ. అరచేతులు ఎప్పుడూ లేత పసుప్పచ్చగా ఉండేవి, దగ్గర కూర్చుంటే ఉడికించిన పసుపు వాసన వచ్చేది. సాయంత్రం బాపు అరుగు మీదికి రాగానే ఎదురుగా చేరి, మెడ నరాలు ఉబ్బేలా అరిచేది. "తిన్నవా గంగారామూ?" "సల్లగున్నది, గొంగడి కప్పుకో!" అంతే. అంతకు మించి ఏం అరవగలదు? అరిచి చెప్పగలిగే మాటలు మనిషి దగ్గర చాలా కొద్దే ఉంటాయని ఆ ఇంట్లో పెరగబట్టి నాకు తెలిసింది.

నేను నిజామాబాద్‌లో పాలిటెక్నిక్ చదువుతున్న రోజులవి. రోజూ బోధన్ నుంచి బస్సు. ఆ ఏడు చలికాలం అవ్వకు దగ్గు పట్టుకుంది, మనిషి సగమైంది. ఒకరోజు నేను సోల్డరింగ్ పెట్టుకుని కూర్చుంటే పక్కకు వచ్చి కూర్చుంది.

"పొల్లా, నేను పొయ్యేలోపట వానితోని ఒక్క ముచ్చట చెప్పాలె."

"చెప్పు అవ్వా, ఎవలొద్దన్నరు?"

"గల్లి అంత ఇనే ముచ్చట గాదే గది."

"నాతోని చెప్పు మరి. కాయితం మీద రాసి బాపుకు ఇస్త."

అవ్వ నా మొహంలోకి చూసి తల అడ్డంగా ఊపింది. "నీతోని చెప్తె గది నీ ముచ్చట అయితది. వాని చెవులనే పడాలె" అంది.

ఆ మాట నాకు ఎక్కడో గుచ్చుకుంది. ఆ వయసులో నాకంటే తెలివిగల మనిషి బోధన్ బస్టాండుకు ఇవతల లేడని నా గట్టి నమ్మకం. ఇదెంత పని అనుకున్నాను. పాడైన టేప్ రికార్డరులోంచి చిన్న మైకు ఊడదీశాను. క్లాసులో ఒక స్నేహితురాలు పాత హెడ్‌ఫోన్ ఇచ్చింది. రెండు ట్రాన్సిస్టర్లు, నాలుగు కెపాసిటర్లు, పెన్సిల్ సెల్లులు, అన్నీ ఒక సబ్బు డబ్బాలో ఇరికించాను. మైకులో మాట్లాడితే హెడ్‌ఫోన్‌లో పెద్దగా వినబడాలి. చూసేవాళ్లకు బాపు పాటలు వింటున్నట్టే ఉంటుంది, చెవి మిషన్ అని ఎవరికీ అనుమానం రాదు.

మొదటిసారి బాపు తలకు తగిలించి, మైకు పట్టుకుని మామూలుగా, "బాపూ, చాయ్ సల్లారిపోతున్నది" అన్నాను. ఆయన చేతిలో సాసరు ఆగిపోయింది. నన్ను పైనుంచి కింది దాకా చూశాడు. "నీ గొంతు గిట్లుంటదా బిడ్డా?" అన్నాడు. నేను చిన్నప్పుడు ఎలా మాట్లాడేదాన్నో ఆయనకు గుర్తుంది, పెద్దయ్యాక నా మామూలు గొంతు ఆయన అప్పుడే వినడం. నాకు ఏడుపొచ్చింది, సంతోషంతోనే. ఆ ఊపులో మైకు అవ్వ చేతిలో పెట్టాను. అవ్వ దాన్ని నోటికి ఆనించుకుని, "గంగారామూ!" అంది. బాపు ఉలిక్కిపడి హెడ్‌ఫోన్ తీసి ఒళ్లో పడేశాడు.

"ఏమైంది బాపూ?"

"కొత్త గుడ్డ పర్రున చింపినట్టు వస్తున్నది. సప్పుడే ఉన్నది, మాట లేదు."

అక్కడ మొదలైంది నా పరేషాను. సెల్లులు అయిపోవచ్చాయేమో అని కొత్తవి వేశాను. అతుకు ఎక్కడైనా సరిగ్గా పట్టలేదేమో అని అన్ని అతుకులూ కరిగించి మళ్లీ వేశాను. ట్రాన్సిస్టరు మార్చాను. కెపాసిటర్లు మార్చాను. మీటరు పెట్టి చూస్తే ఎక్కడికక్కడ ఓల్టేజీ ఉండాల్సినంత ఉంది. బాగుచేసిన ప్రతిసారీ నేను హెడ్‌ఫోన్ పెట్టుకుని, "అవ్వా, ఏమన్న మాట్లాడు" అనేదాన్ని. అవ్వ మైకు పట్టుకుని, "ఏం మాట్లాడాలె పొల్లా, బువ్వ తినకుంట గిదేం పని నీకు" అనేది. ఒక్క చిరుగు లేకుండా, ఊపిరితో సహా నిమ్మళంగా వినబడేది. తీసి బాపుకు పెడితే మళ్లీ గుడ్డ చిరిగేది. అమ్మ మాట్లాడితే ఆయనకు బాగానే ఉంది, నేను మాట్లాడితే బాగానే ఉంది. అవ్వ మాటే చిరిగిపోతోంది. ఆడలేక మద్దెల ఓడన్నట్టు నేను మైకును తిట్టాను, షాపువాణ్ని తిట్టాను, హెడ్‌ఫోన్ ఇచ్చిన అమ్మాయిని కూడా మనసులో తిట్టుకున్నాను.

ఆఖరికి బాపే తేల్చేశాడు. "ఊకో బిడ్డా. మిషిని మంచిగనే ఉన్నది. అవ్వ మాటనే నా చెవులు పడుతలేవు. చెవులు గంత ఖరాబ్ అయినయి" అన్నాడు. పెదవుల మీద ఆ మాట చదవాల్సిన అవసరం మాకు లేదు, ఆయన మాట ఎప్పుడూ గట్టిదే, తన గొంతు తనకు వినబడదు కాబట్టి. లోపల అవ్వ కూడా విన్నది. నేను వెళ్లేసరికి గోడవైపు తిరిగి పడుకుని ఉంది. "గట్లనే కావాలె నాకు" అంది. "ఎందుకవ్వా గట్లంటవ్?" అంటే గొంగడి తల మీదికి లాక్కుంది. ఆ రోజు నిజంగానే భయమేసింది నాకు. తప్పు డబ్బాలో ఉంటే సరిచేస్తాను, చెవిలో ఉంటే ఎవరేం చేస్తారు? అవ్వ దగ్గు రోజురోజుకూ లోతుకు పోతోంది. ఆ ముచ్చట ఆమెతోనే పోతుందేమో అనుకున్నాను.

మర్నాడు ఆశ చావక మళ్లీ కూర్చున్నాను. హెడ్‌ఫోన్ నా చెవులకే ఉంది, మైకు అవ్వ చేతిలో ఉంది. మోర్తాడ్‌లో పసుపు ఎలా ఉడికిస్తారో చెప్పమన్నాను. చెబుతోంది, చక్కగా వినబడుతోంది. ఇంతలో బాపు డ్యూటీ దిగి గుమ్మంలో అడుగుపెట్టాడు. అవ్వ చేతిలో మైకు సంగతి మరిచి, "వచ్చినవా గంగారామూ!" అంది. నా రెండు చెవుల్లోనూ కొత్త గుడ్డ పర్రున చిరిగింది.

హెడ్‌ఫోన్ పీకి పారేసి పకపకా నవ్వాను. అమ్మ కంగారుపడింది, దీనికేమైందని. ఇన్ని రోజులూ డబ్బా విప్పి వెతుకుతున్నానే, తప్పు డబ్బాలో లేదు, బాపు చెవిలోనూ లేదు. నా చెవులకు హెడ్‌ఫోన్ ఉన్నప్పుడు అవ్వ నాతో, అంటే చెవులు బాగున్న మనవరాలితో మాట్లాడేది. బాపు చెవులకు ఉన్నప్పుడు చెవిటి కొడుకుతో మాట్లాడేది, అంటే అరిచేది. నేనూ అమ్మా మైకు చేతికొస్తే గొంతు దించేవాళ్లం, అవ్వకు అది చేతకాలేదు. అంత అరుపును ఆ చిన్న మైకు, ఆ రెండు ట్రాన్సిస్టర్లు మోయలేవు. హద్దు దాటిన శబ్దం కొనలు తెగిపోయి ముక్కలవుతుంది. ఇది మాకు మొదటి ఏడాదిలోనే చెప్పిన పాఠం. కానీ కొడుకుతో మాట్లాడే గొంతు వేరే ఉంటుందని ఏ క్లాసులో చెబుతారు?

తప్పు దొరికింది కానీ దాన్ని సరిచేయడం ఇంకా కష్టమైంది. డబ్బాలో పెంచే శక్తి తగ్గిస్తే చిరుగు పోయింది, దాంతో పాటు మాటా పోయింది. అవ్వ అరిస్తే తప్ప వినబడదు, అంటే కథ మొదటికొచ్చింది. మైకు దూరం జరిపితే రాఘవమ్మగారి బర్రె అరుపు, మోటారు పంపు చప్పుడు అన్నీ బాపు చెవిలో దూరాయి. ఇక మిగిలింది ఒక్కటే దారి, అవ్వ మెల్లగా మాట్లాడాలి.

"మెల్లగ మాట్లాడ్తె వానికెట్ల ఇనవడ్తదే, పిచ్చిదానా?"

"ఇనవడ్తదవ్వా. ఒట్టు. నాతోని ఎట్ల మాట్లాడ్తవో గట్లనే మాట్లాడు."

తల ఊపేది. బాపు ఎదురుగా కూర్చోగానే మొదటి అక్షరంతోనే గొంతు లేచిపోయేది. తనే నోటికి కొంగు అడ్డం పెట్టుకుని, "నాతోని కాదు పొల్లా. వాని మొకం సూస్తెనే గొంతు లేస్తది" అనేది. నాకు విసుగొచ్చింది, ఆమె మీద జాలీ వేసింది. ఏళ్ల తరబడి ఒక మనిషి కోసం పెంచుకున్న గొంతు అది. ప్రేమ కొద్దీ పెరిగిన గొంతును ప్రేమగానే ఎలా తగ్గించమంటాం? ఆ రాత్రి చాలాసేపు ఆలోచించి, పొద్దున అమ్మతో అన్నాను, "మొకం సూస్తెనే కదా లేస్తది? సూడకుంట కూసోవెడ్దాం."

ఇప్పటి మిషన్ ఇలాంటివేవీ అడగదు. మా ఆయన ఇంకా అరుస్తూనే ఉన్నాడు, మిషన్ తగ్గించి నాకు ఇస్తూనే ఉంది, ఇద్దరికీ సుఖంగానే ఉంది. కాదనను. అయితే మనుషుల మధ్య సర్దుబాటంతా ఆ చిక్కుడు గింజే చేసేస్తోంది, ఆయన నాకోసం గొంతు తగ్గించాల్సిన పని గానీ నేను ఆయనను తగ్గించమని అడగాల్సిన పని గానీ లేకుండా పోయింది. నా సబ్బు డబ్బాకు అంత చేతగాదు. దానికి చేతగాలేదు కాబట్టి మేమే మారాల్సి వచ్చింది. ఆ వేసవికి అవ్వ లేదు. ఆ తర్వాత కొన్నేళ్లకు బాపూ పోయాడు. ఆ డబ్బా ఏమైందో కూడా నాకు తెలియదు. ఆ సాయంత్రం మాత్రం ప్రతి క్షణం గుర్తుంది.

బాపును అరుగు మీద వీధివైపు ముఖం పెట్టి కూర్చోబెట్టాను. అవ్వను ఆయన వెనక గడప లోపల, ఇంట్లోకి ముఖం పెట్టి కూర్చోబెట్టి, ముందర చేటలో అనపకాయలు పోశాను. మైకు ఆమె కొంగుకు గుచ్చాను. వీపూ వీపూ ఆనుకునేంత దగ్గర, మధ్యలో ఒక తీగ. "నువ్వు అనపకాయలు ఒలుసుకుంట నీతోని నువ్వే మాట్లాడుకో అవ్వా. వెనక ఎవలున్నరో మర్చిపో" అన్నాను. అవ్వ చాలాసేపు ఒలిచింది. తర్వాత ఆమె పెదవులు కదిలాయి. రెండడుగుల దూరంలో పొయ్యి దగ్గర నిలబడ్డ నాకూ అమ్మకూ ఒక్క ముక్క వినబడలేదు. బాపు వీపు నిటారైంది.

"ఆఁ, ఇనవడ్తున్నదవ్వా!" అన్నాడు, ఎప్పట్లాగే గల్లీ అంతా దద్దరిల్లేలా. అవ్వ చేతులు ఆగాయి, మళ్లీ ఒలవసాగాయి, పెదవులు కదులుతూనే ఉన్నాయి. మాకు వినబడేది ముచ్చటలో బాపు సగమే.

"ఏందవ్వా, గట్లంటవేంది?"

గోడ అవతల రాఘవమ్మగారి చేట చప్పుడు ఆగింది.

"ఎవలు పంపిండ్రు? నువ్వా? నువ్వు పంపితె పోయిన్నా నేను మిల్లుకు?"

అవ్వ కొంగుతో కళ్లు ఒత్తుకుంది. అప్పుడు అర్థమైంది నాకు. తాత పోయినప్పుడు ఇల్లు గడవక పెద్దకొడుకును చేన్లలోంచి తీసి మిల్లుకు తోలింది ఆమేనట, అమ్మ ఎప్పుడో చెప్పింది. ఆ మోత కొడుకు చెవులు తింటుంటే ఇన్నేళ్లూ ఎదురుగా కూర్చుని చూసింది. తప్పయింది కొడుకా అన్న మాట ఎవరైనా గల్లీ అంతా వినేలా ఎలా అరుస్తారు?

"నీ పాపం ఏంది అవ్వా ఇందుల! గా రోలర్లు తిరుగుతుంటె సూసి నేనే..." అని బాపు గొంతు ఇంకా లేచింది. ఠక్కున తల వంచి చెవి దగ్గర చెయ్యి పెట్టుకున్నాడు. ఆయన అరుపు వెనకనున్న మైకులో పడి, ఆయన చెవిలోనే చిరిగింది. తిరిగి నా వైపు చూశాడు. నేను అరచేయి కిందికి ఊపాను, మిల్లులో వాళ్లు రోలరు వేగం తగ్గించమని సైగ చేసినట్టు. బాపు మళ్లీ వీధివైపు తిరిగాడు. ఆయన దవడ కదలడం వెనకనుంచి కనబడుతోంది, మాట మాత్రం మాదాకా రావడం లేదు. నాకు తెలిసి బాపు అంత మెల్లగా మాట్లాడటం అదే మొదలు.

నేను అక్కడే నిలబడ్డాను. తీగ ఎలా పనిచేస్తుందో చూడాలని నా సాకు. అమ్మ నా రెక్క పట్టుకుంది. "నడువ్. మిషిని నువ్వు జేసినవ్ గని ముచ్చట నీది గాదు" అని పెరట్లోకి లాక్కుపోయింది. అక్కడ ఇద్దరం ఏ పనీ లేకుండా నిలుచున్నాం. ఇంట్లోంచి ఏ చప్పుడూ లేదు. కాసేపటికి పిట్టగోడ మీద రాఘవమ్మగారి తల లేచింది. ఆవిడ మొహంలో నిజమైన కంగారు.

"ఏమైందమ్మా? మీ ఇంట్లో గొంతులు ఆగిపోయాయేంటి? అంతా బాగానే ఉన్నారా?"

"బాగనే ఉన్నరక్కా," అంది అమ్మ. "మాట్లాడుకుంటున్నరు."